పాలిష్ పడితే పోతాయా?

"పాలిష్ పడితే అన్నీ పోతాయి సార్!"

నారాయణగూడలో పాత ఇల్లు పోయి అపార్ట్‌మెంటు లేచినా, అశోక్‌నగర్‌లో ఉన్న మేడ మీదే మరో అంతస్తు వేసినా, చిక్కడపల్లి సందులో పూజగదికి కొత్త తలుపులు చేయించినా ఈ మాట వినపడక మానదు. సింహద్వారం మీద పద్మాలు, లతలు, తొండమెత్తిన ఏనుగులు వడ్రంగి మేస్త్రీ ఎంత ముచ్చటగా చెక్కినా, ఏదో మూల పెన్సిలు గీత మిగిలే ఉంటుంది. పద్మం నడిమధ్య నుంచి దిగే నిలువు గీత ఒకటి. బందులు ఎక్కడ రావాలో చెప్పే అడ్డగీత ఇంకొకటి. తాళం కప్ప పక్కన ఎప్పుడో వేసుకున్న కొలత అంకెలు. ఇంటావిడ వేలుపెట్టి చూపిస్తుంది. మేస్త్రీ నవ్వి ఆ మాట అనేస్తాడు. గృహప్రవేశానికి రెండ్రోజులే టైముంది. పాలిష్ మనిషి డబ్బా మూత తీసి కూర్చున్నాడు. ఆగే తీరిక ఎవరికీ లేదు.

ఇంతకీ పాలిష్ పడితే పోతాయా? పోవు. పోకపోగా మరింత భద్రంగా నిలిచిపోతాయి, అద్దం బిగించిన ఫొటోలాగా. సీలరైనా, లక్క పాలిషైనా, మెలమైనైనా పారదర్శకంగా ఉండే పూత. దాని పని చెక్క అందాన్ని బయటపెట్టడం. ఆ అందంతోపాటు గీతనూ బయటపెడుతుంది. పైగా తడి తగిలినట్టు చెక్క రంగు ముదిరేసరికి, అంతకుముందు కంటికి ఆనని గీతలు కూడా వెండి తీగల్లా మెరుస్తాయి. ఇక వాటిని తీయాలంటే పాలిష్ మొత్తం గీకాలి. ఆ ఖర్చు ఎవరిదన్న దగ్గర మేస్త్రీకీ ఇంటాయనకీ మొదలైన మాటామాటా గృహప్రవేశం భోజనాల దాకా నడుస్తుంది.

అందుకే ఈ చిన్న గీత గురించి కాస్త పెద్దగానే చెప్పుకోవాలి.

పెన్సిలు పేట

నిజానికి పెన్సిలు గురించి ఈ మూడు పేటలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అశోక్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, స్టేషనరీ కొట్లు. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే సంచీ తగిలించుకుని వెళ్లే నిరుద్యోగి జేబులో ఏది ఉన్నా లేకున్నా పెన్సిలుంటుంది. ఒకప్పుడు ఓఎంఆర్ పత్రంలో గడులు దిద్దడానికి హెచ్‌బీ పెన్సిలే దిక్కు. తర్వాత చాలా పరీక్షల్లో బాల్‌పెన్ను ఆ స్థానంలోకి వచ్చింది. అయినా పుస్తకంలో ముఖ్యమైన వాక్యం కింద గీత గీయడానికి, మ్యాపులో గోదావరి ఉపనదులు గుర్తుపెట్టుకోవడానికి పెన్సిలు మీద నమ్మకం సడల్లేదు. తప్పయితే చెరిపేయొచ్చన్న ధీమా మరి.

ఆ ధీమా కాగితం మీద చెల్లుతుంది. అచ్చంగా అదే పెన్సిలు చెక్క మీదికి వచ్చేసరికి మాట మార్చేస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు పెన్సిలు లోపల ఏముందో చూడాలి.

సీసం లేని సీసం

పెన్సిలు ముల్లును పిల్లలు 'లెడ్డు' అంటారు. లెడ్డంటే సీసం. అందులో సీసం రవ్వంత కూడా లేదు. ఉన్నది గ్రాఫైటు, బంకమట్టి. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ దగ్గర గ్రాఫైటు గని బయటపడినప్పుడు, నల్లగా మెరుస్తోంది కదా, ఇదీ ఒక రకం సీసమే అనుకున్నారు. అది సీసం కాదని తర్వాత తేలినా పేరు మాత్రం అలాగే అంటుకుపోయింది. గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతికి 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కోంటె పేటెంటు తీసుకున్నాడు. మట్టి పాలు ఎక్కువైతే ముల్లు గట్టిపడుతుంది, గీత పలచబడుతుంది. అది 'హెచ్' రకం. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తబడి నల్లగా రాస్తుంది. అది 'బి' రకం. రెంటికీ మధ్యస్థం హెచ్‌బీ. 1958లో మొదలైన హిందుస్థాన్ పెన్సిల్స్ వారి నటరాజ్ మొదలుకొని ఇప్పుడు కొట్లో దొరికే ఏ పెన్సిలుకైనా మూలసూత్రం ఇదే.

గ్రాఫైటంటే బొగ్గూ వజ్రాల కుటుంబానికి చెందిన కర్బనం. కాకపోతే పొరలు పొరలుగా ఉంటుంది. పొర లోపల పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు వదులు. అందుకే రాస్తుంటే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. అంటే పెన్సిలు గీత రంగు కాదు, మరక కాదు. ఉత్త పొడి. నీళ్లలో కరగదు. స్పిరిట్‌లో కరగదు. నిమ్మరసానికి లొంగదు. బ్లీచింగ్ పౌడరుకు తెల్లబడదు. దాన్ని కరిగించే మందు ఏ ఇంట్లోనూ ఉండదు. ఉన్న చోటు నుంచి ఎత్తి తీసేయడమొక్కటే మార్గం.

కాగితం మీద ఆ పొడి పైపైన ఉంటుంది, రబ్బరు ఎత్తుకుపోతుంది. పాలిష్ పడని చెక్క అలా కాదు. దాని ఒళ్లంతా సన్నటి రంధ్రాలు, నారలు. గ్రాఫైటు పొడి వాటి సందుల్లోకి దిగుతుంది. దానికితోడు మేస్త్రీ చెయ్యి బరువైతే ముల్లు ఒత్తిడికి చెక్క సొట్టపడి సన్నటి కాలువ ఏర్పడుతుంది. పైన రుద్దితే కాలువ గట్లు తెల్లబడతాయి తప్ప అడుగున నలుపు అలాగే ఉంటుంది.

లేని నీడ

మామూలు పలక మీద గీత అయితే చిత్రిక పట్టేస్తే సరి, పొరతో పాటు లేచిపోతుంది. చెక్కడం మీద ఆ వీల్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే సికమోర్ మొద్దులో ముందువైపు మెఫిస్టోఫిలిస్‌నూ వెనకవైపు మార్గరెటానూ చెక్కిన బొమ్మ చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు నిక్కిన తల, మరోవైపు వంచిన తల. అంత తేడాను పలికించింది రంగులు కావు. ఉలి తీసిన లోతుల్లో పడే నీడ, మిట్టల మీద పడే వెలుగు. రంగుల్లేని చెక్కడానికి భాష అదొక్కటే. అలాంటి చోట మిగిలిన పెన్సిలు గీత లేని నీడను చూపిస్తుంది. అమ్మవారి చెంప మీద గీత ఉంటే చెంప గుంటపడినట్టుంటుంది. కనుబొమ పక్కన ఉంటే ముఖం చిట్లించినట్టుంటుంది. నెలల తరబడి పడ్డ శ్రమ ఒక్క గీత దగ్గర అబద్ధమాడుతుంది.

పోనీ అని శాండ్ పేపరుతో బరబరా రుద్దితే? గీతతో పాటు ముక్కు కొన, రేకు అంచు, నగల నగిషీ కూడా అరిగిపోతాయి. గీత పోయిందని సంతోషించేలోపు బొమ్మ ముఖంలో కళ పోతుంది. కాబట్టి సమస్య గీత తీయడం కాదు. చెక్కడాన్ని మిగిల్చి గీత తీయడం.

చేయకూడనివి ముందు

ఇంట్లో అందరికీ మొదట తట్టేది తడిబట్ట. అదే మొదటి పొరపాటు. నీళ్లు తగలగానే గ్రాఫైటు బురదై ఇంకాస్త వెడల్పుగా అలుక్కుంటుంది, నారలు లేచి నిలబడతాయి. రెండోది వేలితో తుడవడం. వేలి జిడ్డుకు గీత మసకబారి మచ్చవుతుంది. మూడోది స్కూలు పిల్లల పెట్టెలోని పాత రబ్బరు. గట్టిపడ్డ రబ్బరు చెరపదు, పులుముతుంది. గులాబీ, ఎరుపు, నీలం రబ్బర్లయితే తమ రంగును కూడా చెక్క నారల్లో వదిలిపోతాయి.

నాలుగోది టూత్‌పేస్టు చిట్కా. అందులో సన్నటి గరుకు పొడి ఉండటం నిజమే. గీత కొంత తగ్గుతుంది కూడా. కానీ ఆ తెల్లపొడి చెక్కడం మూలల్లో ఇరుక్కుని, పాలిష్ పడ్డాక సున్నం మరకలా తేలుతుంది. అయిదోది ఇనుప పీచు. టేకు, తుమ్మ లాంటి చెక్కల్లో టానిన్ ఉంటుంది. ఇనుప రవ్వలు అందులో చిక్కుకుని తడి తగిలిందంటే నల్లటి మచ్చలు పడతాయి. పెన్సిలు కంటే అవి మొండివి.

అసలు ఆ మచ్చ పెన్సిలుదేనా అన్నది కూడా చూసుకోవాలి. పక్కగా వెలుతురు వేసి చూస్తే పెన్సిలు గీత వెండిలా తళుక్కుమంటుంది. చెవిపుల్లకున్న పొడి దూదితో అద్దితే బూడిదరంగు అంటుతుంది. మెరవకుండా నల్లగా చెక్కలో కలిసిపోయి ఉంటే అది మేకు తుప్పు మరక అయ్యుండొచ్చు. నీలంగా ఉంటే బాల్‌పెన్నో, డిజైను దింపడానికి వాడిన కార్బన్ పేపరో కావచ్చు. దేనికి మందు దానిదే. తుప్పు మచ్చను తీసే ఆక్సాలిక్ ఆమ్లం పెన్సిలు గీతను ఏమీ చేయలేదు.

ఇక చేయాల్సినవి

మొదటి మెట్టు మెత్తటి బ్రష్షు. పెయింటింగ్ బ్రష్షయినా, వాడని షేవింగ్ బ్రష్షయినా సరే. దాంతో పైపైన ఉన్న పొడిని దులిపేయాలి. ఊదకూడదు. ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయి.

రెండో మెట్టు తెల్లటి, మెత్తటి ప్లాస్టిక్ ఎరేజరు. అశోక్‌నగర్ స్టేషనరీ కొట్లలో ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని బ్లేడుతో కోసి కొత్త అంచు తీసుకోవాలి. నారల వెంబడే, ఒకేవైపు, తేలిగ్గా లాగాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఎత్తిన పొడినే మళ్లీ నారల్లోకి కూరినట్టవుతుంది. రెండు మూడు సార్లు లాగగానే ఎరేజరు అంచు నల్లబడుతుంది. ఆ అంచు కోసేసి మళ్లీ కొత్తది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. ఎరేజరు సగం అయిపోయినా తలుపు విలువలో అదెంత!

పద్మం రేకుల మధ్య, జడ అల్లికల్లో, కళ్ల మూలల్లో ఎరేజరు దూరదు. బొమ్మలు గీసేవాళ్లు వాడే పిండిముద్ద లాంటి ఎరేజరు అక్కడ పనికొస్తుంది. దాన్ని సన్నగా సాగదీసి మూలలో అద్ది ఎత్తాలి. రుద్దకూడదు. 1770లో లండన్‌లో ఎడ్వర్డ్ నైర్న్ రబ్బరు ముక్కలు అమ్మకానికి పెట్టేదాకా ఐరోపా అంతా పెన్సిలు గీతలు చెరిపింది బ్రెడ్డు ముక్కతోనే. ఆ పాత పద్ధతి చెక్క మీద ఇప్పటికీ కొంతవరకు పనిచేస్తుంది. కాకపోతే తునకలు మూలల్లో మిగిలాయంటే మర్నాటికి చీమల బారు ఖాయం.

మూడో మెట్టు, ఎరేజరుకు లొంగని గీతకు. చెక్కిన మేస్త్రీయే అందుబాటులో ఉంటే ఇది అతని పనే. పదునైన ఉలితో ఉల్లిపొర కంటే పలచగా ఒక్క పొర లేపుతాడు. గీతా పోతుంది, అంచూ మిగులుతుంది. పాత తరం వడ్రంగులు గాజుపెంకు అంచుతో గీకేవారు. ఉలి పట్టడం రానివాళ్లకు శాండ్ పేపరే గతి. వడ్రంగులు ఉప్పుకాగితం అనేది దీన్నే. నంబరు 220 నుంచి మొదలుపెట్టి 320తో ముగించాలి. 80, 120 నంబర్ల జోలికి పోకూడదు. చిన్న ముక్క చించి అగ్గిపుల్లకో, ఐస్‌క్రీం పుల్లకో చుట్టుకుని నారల వెంబడి నాలుగు లాగులు లాగి, దులిపి, చూసి, మళ్లీ లాగాలి. గీత ఉన్నచోటే రుద్దితే అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది. చుట్టూ కొంత మేర పలచగా కలుపుకుంటూ పోవాలి. మూతికి మాస్కు తప్పనిసరి. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది.

గీత పోయి సొట్ట మిగిలితే దానికో కిటుకుంది. సొట్ట మీద ఒక్క నీటిచుక్క వేసి ఆరనిస్తే నలిగిన నారలు ఉబ్బి పైకి లేస్తాయి. ఆరాక 320తో ఒక్కసారి నిమిరితే చాలు. గీత పోకముందు మాత్రం నీళ్లు వద్దు.

మరో హెచ్చరిక. ఇప్పటి తలుపుల్లో చాలావాటికి పైన కనిపించే టేకు ఉత్త పలుచటి అతుకు పొర, విన్నీరు. అర మిల్లీమీటరు మందం ఉంటే గొప్ప. దాని మీద శాండ్ పేపరు నాలుగు లాగులు ఎక్కువైతే కింది ప్లైవుడ్డు పలకరిస్తుంది. అక్కడ ఎరేజరు దగ్గరే ఆగిపోవాలి.

చెక్కను బట్టి చాకచక్యం

స్పిరిట్‌తో తుడిస్తే పోతుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. గ్రాఫైటు కరగకపోయినా, స్పిరిట్ తడికి పొడి కాస్త వదులై బట్టకు అంటుతుందన్నది నిజం. టేకు మీద ఆ ప్రయత్నం చేయొచ్చు, బట్టను ప్రతిసారీ కొత్త మడతకు తిప్పుకుంటూ. కానీ తిరుపతి నుంచి తెచ్చుకున్న ఎర్రచందనం బొమ్మ మీద మాత్రం స్పిరిట్ చుక్క పడనీయకూడదు. ఎర్రచందనానికి ఆ రంగు తెచ్చే శాంటాలిన్ నీళ్లలో అంతగా కరగదు గానీ స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. గీత తీయబోతే ముఖానికి ఉన్న రంగు కాస్తా బట్టకెక్కుతుంది.

కొండపల్లి బొమ్మలు చేసేవారికి ఈ బెడదే లేదు. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి రంగులు వేస్తారు. కింద ఎన్ని గీతలున్నా సున్నం కప్పేస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతుమీద తిరుగుతుంటే లక్క రంగు అంటుకుంటుంది. అక్కడా గీతకు చోటులేదు. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు మొదటి గీతకు పెన్సిలు ముట్టరు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బట్ట మీద బొమ్మ గీసుకుంటారు. బొగ్గు పట్టు చూపదు, దులిపితే రాలిపోతుంది. గీత అక్కర తీరాక దానంతటది తప్పుకోవాలన్న ఎరుక ఆ బొగ్గుపుల్లలో ఉంది.

మన తలుపులకూ ఆ ఎరుకే మందు. నల్లటి చెక్కకు సుద్ద, తెల్లటి చెక్కకు చెయ్యి బరువెయ్యని హెచ్‌బీ పెన్సిలు, ఉలి ఎటూ లేపేసే భాగంలోనే గీతలు, డిజైనుకు కాగితం అతికించి దాని మీదుగానే చెక్కడం... ఇవన్నీ మంచి మేస్త్రీలకు తెలిసినవే. ఇంటివాళ్లు చేయాల్సింది ఒక్కటే. వడ్రంగికీ పాలిష్ మనిషికీ మధ్య ఒక్కరోజు ఎడం ఉంచడం. ఆరోజు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు, లేదా సెల్‌ఫోను లైటు పక్కనుంచి వేసి తలుపంతా ఒకసారి చూసుకోవడం. ఆ ఒక్కరోజే నలభై ఏళ్లు చూసుకునే తలుపును కాపాడుతుంది.

చెరపకూడని గీతలు

ఇన్ని చెప్పాక ఇంకొక్క మాట మిగిలింది. ఎరేజరు చేతిలో ఉంది కదా అని ప్రతి గీతనూ చెరిపేయకూడదు.

పూజామండపం విడదీసి చూడండి. పలకల వెనక పెన్సిలుతో 1, 2, ఎడమ, కుడి, పైన, కింద అని రాసి ఉంటుంది. అవి మురికి కాదు, మేస్త్రీ రాసిపెట్టిన చిరునామాలు. శుభ్రం పేరుతో వాటిని తుడిచేస్తే, ఇల్లు మారినప్పుడు ఏ పలక ఎక్కడిదో తేల్చడానికి ఓ పూట పడుతుంది. పాత తలుపుల వెనక కొలతలూ కూలి లెక్కలూ కనిపిస్తే అవి మరీ అపురూపం. చెక్కినవాడి పేరు ఏ శాసనంలోనూ ఉండదు. అతని చేతిరాత మిగిలితే అక్కడే మిగలాలి.

ఇక పాత ఇళ్ల గుమ్మాలు. అశోక్‌నగర్‌లోనైనా నారాయణగూడలోనైనా, బిల్డరుకిచ్చిన ఇంటి సామానులో అందరికంటే ముందు అమ్ముడుపోయేది టేకు ద్వారబంధమే. కొన్నవాళ్లు దాన్ని గీకి, పాలిష్ కొట్టి, కొత్తదాన్ని చేస్తారు. దాని పక్కకమ్మీ మీద పిల్లల ఎత్తు గుర్తుపెట్టిన అడ్డగీతలు ఏటికొకటి చొప్పున నిచ్చెనలా ఉండటం ఎన్ని ఇళ్లలో లేదు? పక్కన పొట్టి పేర్లు, తారీకులు. ఆ పిల్లలిప్పుడు డాలస్‌లోనో, సిడ్నీలోనో ఉండొచ్చు. గుమ్మాన్ని ఉంచుకునే చోటు అపార్ట్‌మెంటులో లేకపోవచ్చు. కనీసం లారీ ఎక్కకముందు పక్కన టేపు పెట్టి ఒక ఫొటో తీసుకుంటే ఆ కొలత మిగులుతుంది.

బొమ్మలకొలువు పెట్టె సంగతీ అంతే. అమ్మమ్మనాటి చెక్కబొమ్మ ముఖానికి ఏ మనవరాలో పెన్సిలుతో దిద్దిన మీసం ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతులన్నీ దాని మీద పనిచేస్తాయి. తెల్ల ఎరేజరుతో నాలుగు లాగులు, అంతే. కానీ ఎరేజరు కోసేముందు ఆ పిల్లకు ఒకసారి ఫోను చేసి అడగడం మంచిది.